అన్నయ్యగారి ఇన్నోవానా, నేను చూసిన ఎర్టిగానా?

ప్రశ్న: మాది ఖమ్మం. మావారు, నేను, ఆరేళ్ల బాబు, అత్తయ్య, మామయ్య ఉంటాం. నాకిప్పుడు ఆరో నెల. ఉన్న చిన్న కారు ఇక చాలదని ఏడు సీట్ల సెకండ్ హ్యాండ్ బండి కొనాలనుకున్నాం. చేతిలో ఆరు లక్షలున్నాయి. మా ఆడపడుచు భర్త తన 2012 ఇన్నోవా డీజిల్ బండిని ఐదున్నర లక్షలకి ఇస్తామంటున్నారు. లక్షా తొంభై వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంట్లోవాళ్ల బండి ఉండగా బయట వెతకడం ఎందుకని మావారి వాదన. నేను 2019 ఎర్టిగా పెట్రోల్ ఒకటి చూశాను. ఏడు లక్షల ఎనభై వేలు చెబుతున్నారు. తక్కువైన డబ్బుకి నా నగలు తాకట్టు పెడదామన్నాను. దాంతో మాటా మాటా పెరిగింది. అత్తయ్య ‘నా కూతురింటి బండి పనికిరాకుండా పోయిందా’ అని రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మేం నెలకి ఏడెనిమిది వందల కిలోమీటర్ల కంటే తిరగం. నాది మొండితనమా? ఏ బండి తీసుకోమంటారు?

జవాబు: మొండితనం కాదమ్మా. బండి గొడవ ఒకటి, ఆడపడుచు ఇంటి మర్యాద గొడవ ఒకటి, రెండూ కలిసిపోయాయి. మీరు బండి గురించి ఏం మాట్లాడినా అత్తయ్యగారికి రెండోదే వినిపిస్తోంది. అందుకని ఈ సంగతి ఇక మీరు ఎత్తకండి. బావతో మాట్లాడాల్సింది మీవారే. ‘బావా, నీ మీద అనుమానం కాదు. చంటిబిడ్డతో తిరగాలి కాబట్టి ఏ బండైనా మెకానిక్‌కి చూపించే కొందామనుకున్నాం. నీదీ చూపిస్తాం, బయటదీ చూపిస్తాం’ అంటే తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. ఆ మెకానిక్ ఇన్నాళ్లూ ఇన్నోవాని బాగుచేసినవాడు కాకూడదు, ఎర్టిగా బ్రోకర్ తీసుకొచ్చినవాడూ కాకూడదు. అతని కూలి మీరే ఇచ్చుకోండి. వద్దనాల్సి వస్తే ఆ మాట మెకానిక్ చెప్పినట్టు ఉంటుంది, కోడలు చెప్పినట్టు ఉండదు.

నగల మాట మాత్రం ఇక్కడితో వదిలేయండి. కాన్పు ముందున్న ఇంట్లో బంగారం అక్కరకి ఉండాల్సిన వస్తువు. ఆపరేషన్ అయినా, బిడ్డని నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చినా మీకు వెంటనే డబ్బు పుట్టేది దాని మీదే. పైగా చేతిలో ఆరు లక్షలుంటే ఆరు లక్షల బండి కొనకూడదు. అరవై డెబ్భై వేలు పక్కన పెట్టాలి. పాత బండి ఇంటికొచ్చిన నెలలోపు ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్పించాలి. బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ కూడా తోడవుతాయి. ఇన్సూరెన్స్, పేరు మార్పిడి ఖర్చు ఎటూ ఉంది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని. పైన గీతలు అరగకుండా బాగానే ఉన్నా ఆరేళ్లు దాటిన టైర్లతో పిల్లల్ని హైవే ఎక్కించవద్దు. నాలుగూ మార్చాల్సిందే అయితే పక్కన పెట్టిన డబ్బులో పెద్ద వంతు వాటికే పోతుంది. ఇవన్నీ తీసేస్తే మీరు బండికి ఇవ్వగలిగింది ఐదు లక్షల ముప్పై వేలు. ఆ లెక్కన మీరు చూసిన ఎర్టిగా అందదు, అన్నయ్యగారు చెప్పిన ధరా అందదు. ఈ లెక్క కాగితం మీద రాసి మీవారి ముందు పెట్టండి, మీ ఇద్దరి మధ్య వాదన సగం తగ్గుతుంది.

ఇక మీ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. వెనక వరుసలో కూర్చునేది ఎవరు? ఏడు సీట్లున్నాయని లెక్కపెట్టారు గానీ మనుషుల్ని కూర్చోబెట్టి చూడలేదు. అత్తయ్యగారు మోకాళ్ల నొప్పులతో సీటు మడిచిన సందులోంచి వంగి వెనక్కి వెళ్లలేరు, ఆవిడ స్థానం ముందు సీటే. చంటిబిడ్డ సీటు మధ్య వరుసలో ఉండాలి, పక్కన మీరుండాలి. మధ్య వరుస ముగ్గురు పట్టే బెంచీ అయితే బాబు మీ పక్కనే కూర్చుంటాడు, మామయ్యగారొక్కరే వెనక్కి వెళ్తారు. ఇన్నోవాలో మధ్యన రెండు విడి సీట్లున్న మోడల్ ఉంది, బెంచీ ఉన్న ఎనిమిది సీట్లదీ ఉంది. అన్నయ్యగారిది ఏదో కనుక్కోండి. విడి సీట్లదైతే బాబు కూడా తాతయ్యతో వెనక్కి పోవాలి. ఎలా చూసినా మీ ఇంటికి బండిని తేల్చేది మామయ్యగారి మోకాళ్లు.

కాబట్టి ఒక ఆదివారం ఆయన్ని రెండు బండ్ల వెనక వరుసలోనూ అరగంట చొప్పున కూర్చోబెట్టండి. ఊరికే ఎక్కి దిగడం కాదు, బండి కదలాలి. ఎర్టిగాలో వెనక సీటు నేలకి దగ్గరగా ఉంటుంది, మోకాళ్లు పైకి లేచి తొడల కింద ఆసరా ఉండదు. పొట్టి మనిషికి ఫర్వాలేదు, పొడుగరికి గంటలో నడుము పట్టేస్తుంది. ఈ విషయంలో ఇన్నోవా మెరుగు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ దాని అడుగు ఎత్తు. అత్తయ్యగారి చేత మూడుసార్లు ఎక్కించి దింపండి. ముందు కూర్చుని తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకోగలిగితే సరిపోయినట్టే. పైన పట్టుకుని ఒళ్లంతా లాగి ఎక్కాల్సి వస్తే రోజూ నరకమే. మధ్య వరుసలో ఏ పక్క సీటు మడిస్తే వెనక్కి దారి వస్తుందో ఆ పక్కన బిడ్డ సీటు బిగించకండి. బిగిస్తే మామయ్యగారు ఎక్కిన ప్రతిసారీ దాన్ని ఊడదీయాలి.

సామాను సంగతి కూడా అప్పుడే చూడండి. వెనక సీట్లు లేపి ఉంచితే ఎర్టిగాలో మిగిలేది సుమారు రెండు వందల లీటర్ల చోటు, అంటే రెండు చిన్న సూట్‌కేసులు. మీరు ఆరుగురే కాబట్టి వెనక ఒక సీటు మడిచి అక్కడ పెట్టుకోవచ్చు. మీ డబ్బులో 2018కి ముందటి పాత రకం ఎర్టిగా, 2019 తర్వాత వచ్చిన రెనో ట్రైబర్ కూడా చూడవచ్చు. ట్రైబర్ వెనక సీట్లు పూర్తిగా ఊడొస్తాయి. కానీ అది ఒక లీటరు ఇంజిన్, నిండా జనంతో ఘాట్ ఎక్కాలంటే ఆయాసపడుతుంది. ఊళ్లో తిరిగే ఇంటికి చాలు.

డీజిల్ అయితే ఖర్చు కలిసొస్తుందని మీవారు అనుకుంటూ ఉండొచ్చు. నెలకి ఏడు వందల కిలోమీటర్లే తిరిగితే కలిసిరాదు. ఊళ్లో ఇన్నోవా లీటరుకి పదకొండు ఇస్తుందనుకుంటే 64 లీటర్లు కావాలి. ఎర్టిగా పద్నాలుగు ఇస్తే 50 లీటర్లు చాలు. డీజిల్ పది పన్నెండు రూపాయలు తక్కువైనా నెల చివర బిల్లు దానికే ఎక్కువ వస్తుంది.

అన్నయ్యగారి బండి విషయంలో మీవారు రెండు సంగతులు అడగాలి. ఆ ఇన్నోవా రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు ఉంటుంది. నడుస్తూ అది తెగితే వాల్వులు పిస్టన్ల మీద కొట్టుకుని ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. లక్షా తొంభై వేలు తిరిగిన బండికి అది ఒక్కసారైనా మారి ఉండాలి. ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు ధరలోంచి తీసేయండి. రెండోది ఆర్సీ. 2012లో రిజిస్టరైన బండికి 2027లో పదిహేనేళ్లు నిండుతాయి. తర్వాత ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్లకొకసారి రెన్యువల్ చేయించుకోవాలి. అది చేయించుకోగలిగిన పనే, కానీ ధర దగ్గర చెప్పుకోవాల్సిన మాట.

మీరు చూసిన ఎర్టిగా గురించి నా భయం వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో మీ మున్నేరు వరద ఊళ్లోకి రావడం మీరు చూశారు. అదే రోజుల్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగింది. ఎన్నో కార్లు నీళ్లలో ఉన్నాయి. వాటిలో కొన్నింటిని కడిగి, సీట్ కవర్లు మార్చి మళ్లీ అమ్మకానికి పెడతారు. అలాంటి బండి ఆర్నెల్లు బాగానే నడుస్తుంది. తర్వాత వైర్ల కీళ్లు చిలుము పట్టి ఒక రోజు లైట్లు, ఇంకో రోజు సెన్సార్లు పోతూ ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్ ఆ సమయానికి పని చేస్తుందన్న నమ్మకం ఉండదు. పట్టుకునే పద్ధతి ఉంది. వెనక వరుస సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగండి. బయట ఉండే భాగం కడుగుతారు, చుట్టలో లోపల ఉన్న భాగం కడగరు. అక్కడ మట్టిరంగు గీత ఉంటే ఇక మాట్లాడకుండా వచ్చేయండి. సీట్ల కింద పట్టాల బోల్టులు, జాకీ పెట్టే గుంట, కాళ్ల దగ్గర కార్పెట్ కింద ఉండే స్పాంజి చూడండి, వాసన చూడండి. లోపల సెంటు గుప్పుమంటుంటే ఇంకా గట్టిగా వెతకండి.

ఏడు సీట్ల బండి అంటే ముందు జీవితంలో ట్యాక్సీ అయి ఉండే అవకాశం ఎక్కువ. పసుపు బోర్డుని తెల్ల బోర్డు చేయించి అమ్ముతారు. మీటరు అరవై వేలు చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, డ్రైవరు సీటు అంచు కుంగి ఉంటే మీటరు వెనక్కి తిప్పినట్టే. కంపెనీ వర్క్‌షాపులో బండి నంబరు చెప్పి, ఓనరు ఎదురుగానే పాత సర్వీసుల కిలోమీటర్లు అడగండి.

ఇంజిన్ చల్లగా ఉండగా చూడాలి, అందుకని పొద్దున్నే వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంటే మీరొచ్చే ముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం, ఇంకో రోజు వస్తామనండి. స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ వేడెక్కినా ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోంది. డీజిల్ బండి ఎక్సలేటర్ తొక్కినప్పుడల్లా నల్లగా వదిలితే ఇంజెక్టర్లో, టర్బోనో చూపించాలి. ఆయిల్ పోసే మూత లోపల మీగడలాంటి నురగ ఉండకూడదు. తర్వాత ఆరుగురూ ఎక్కి నడపండి. ఒక్కరే నడిపితే బాగున్న బండి నిండా మనుషులుంటే వేరుగా ఉంటుంది. మూడో గేర్‌లో ముప్పై మీద గట్టిగా తొక్కితే ఇంజిన్ అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. మధ్యాహ్నం పన్నెండుకి ఏసీ వేసి పది నిమిషాల తర్వాత వెనక వరుసలో చల్లగాలి తగులుతోందో లేదో మామయ్యగారినే చెప్పమనండి.

కాగితాల దగ్గర బంధుత్వం చూడకండి. ప్రభుత్వ వెబ్‌సైట్లలో నంబరు కొట్టి ఎన్నో ఓనరు, బ్యాంకు అప్పు నమోదు ఉందా, చలాన్లు ఎన్ని అని చూడండి. అప్పు తీరిపోయినా బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 రవాణా శాఖ ఆఫీసులో ఇచ్చేదాకా ఆర్సీలో ఆ నమోదు పోదు. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బు చేతులు మారే రోజే పెట్టించుకోండి. 2014 జూన్ 2 తర్వాత ఆంధ్రలో రిజిస్టరైన బండి అయితే ఎన్ఓసీ తెచ్చుకుని ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ధర తక్కువ చెప్పారంటే అదే కారణం కావచ్చు. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లో మీవారి పేరుకి మార్పించండి. అన్నయ్యగారి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆయనకే ఉంటుంది, మీకు రాదు.

ఇంతకీ నా మాట ఇది. మామయ్యగారు ఎర్టిగా వెనక సీటులో అరగంట హాయిగా కూర్చోగలిగితే, ఐదు లక్షల ముప్పై వేల లోపు మంచి పెట్రోల్ బండి కోసం ఆగండి. ఆయన వల్ల కాకపోతే, ఇన్నోవా పరీక్ష నెగ్గితే, అత్తయ్యగారు ఎక్కగలిగితే, ఐదు లక్షలకి అడిగి తీసుకోండి. కాన్పు లోపు కొనితీరాలన్న తొందర పెట్టుకోవద్దు. తొందరలో ఉన్నవాడికే చెడ్డ బండి అంటగడతారు. బిడ్డతో ఇంటికి రావడానికి మీ చిన్న కారు చాలు.

బిడ్డ సీటు మాత్రం ఎనిమిదో నెలలోనే కొని ఆ చిన్న కారులో బిగించి చూసుకోండి. వెనక సీటులో, బిడ్డ ముఖం బండి వెనక్కి ఉండేలా పెట్టాలి. ఒడిలో పెట్టుకుని ముందు సీటులో రావడం వద్దు, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే దెబ్బ బిడ్డకే. వెనక సీటుకీ ఆనుకునే దిండుకీ మధ్య సందులో వేళ్లు పెట్టి తడమండి. ఇనుప కమ్మీలు తగిలితే ఐసోఫిక్స్ (బిడ్డ సీటుని నేరుగా తగిలించే ఏర్పాటు) ఉన్నట్టు, లేకపోతే సీటు బెల్టుతో బిగించే రకం కొనండి. బిగించాక కింద పట్టుకుని అటూ ఇటూ ఊపితే అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. కదిలితే మోకాలు ఆనించి సీటుని నొక్కి, బెల్టు ఇంకా లాగమని మీవారికి చెప్పండి. మీరు మాత్రం ఆ బరువు పని చేయకండి.