బొమ్మల కోసం మందులు మానేద్దామనుకుంటున్న నీకు

తల్లీ,

బైపోలార్‌కి, అదే మన ఇద్దరికీ ఉన్న ఈ ఊపూ దిగులూ మారిమారి వచ్చే జబ్బుకి, మందులు మొదలెట్టాక బొమ్మలు రావట్లేదు, మానేస్తాను బాబాయ్ అని రాశావు. మానకు. కనీసం ఇది చదివేదాకా ఆగు.

నేనూ ఒకసారి మానేశాను, సరిగ్గా నీలాగే, నా రంగులు నాకు తిరిగి రావాలని. కొన్నాళ్లు అద్భుతంగా ఉంది. మూడు రాత్రులు కన్ను మూయకుండా పదకొండు కాన్వాసులు వేశాను, ఎవరికీ చిక్కని నీలం రంగేదో నాకే దొరికిందని ఇంట్లోవాళ్లను అర్ధరాత్రి లేపి మరీ చూపించాను. ఆ తర్వాత ఆసుపత్రి, అది అయ్యాక ఏడు నెలలు కుంచె ముట్టలేదు. తేరుకున్నాక అన్నీ గోడకు ఆనించి చూస్తే, పదకొండింటిలో పనికొచ్చింది అరచేయంత ముక్క. నీలం కూడా మామూలు నీలమే!

జబ్బే చిత్రకారుడు వాన్ గో చేత బొమ్మలు వేయించిందని చెప్పేవాళ్ల మాట నమ్మకు. 1889 మేలో ఫ్రాన్స్‌లోని సెయింట్ రెమీలో మానసిక చికిత్సాలయంలో చేరి ఏడాదిలో 150 దాకా బొమ్మలు వేశాడు నిజమే, కానీ వాటిలో ఎక్కువ భాగం తెరిపి దొరికిన రోజుల్లో వేసినవే. జబ్బు తిరగబెట్టినప్పుడల్లా పని కుంటుపడేది.

అలాగని మందుల వల్ల ఏ నష్టమూ లేదని అబద్ధం చెప్పను. 1979లో డెన్మార్క్ డాక్టర్ మోగెన్స్ షౌ మన జబ్బుకి ఇచ్చే లిథియం అనే మందు వాడే 24 మంది కళాకారుల గురించి రాశాడు. 12 మంది పని పెరిగిందన్నారు, 6 మంది తేడా లేదన్నారు, మిగతా 6 మంది తగ్గిందన్నారు. నువ్వు ఆ చివరి ఆరుగురి లాంటిదానివే కావచ్చు. అయితే ఆ మాట డాక్టర్‌కి చెప్పు, డోసు మార్చొచ్చు, మందే మార్చొచ్చు. "ఎలా ఉన్నావ్?" అనగానే "బాగున్నానండీ" అనేసి వచ్చేయకు. నాకు లిథియంతో చెయ్యి వణికేది, గీత నిలిచేది కాదు. రోజూ ఒకే టైముకి కాగితం మీద ఒక సుడి గీసి తేదీ వేసేవాణ్ని. ఆ కాగితాలు బల్ల మీద పరిచాక డాక్టర్ ఇంకేమీ అడగలేదు, రక్తపరీక్ష రాసి, అది చూసి డోసు తగ్గించాడు. అన్నట్టు, పనిలో పడి నీళ్లు తాగడం మర్చిపోకు, ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. నొప్పికి ఐబుప్రొఫెన్ లాంటివి కూడా సొంతంగా వేసుకోకు.

నిద్ర సంగతి మాత్రం కచ్చితంగా ఉండు. వరసగా రెండు రాత్రులు సరిగ్గా పడుకోకపోయినా అలసట తెలియట్లేదంటే, బొమ్మ ఎంత బాగా వస్తున్నా సరే, రంగుల మూతలు పెట్టేసి డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. ఆ ఊపులో కొత్త ఆర్డర్లు ఒప్పుకోకు, పాతవి చింపకు, ఎవరికీ ఊరికే ఇచ్చేయకు.

దిగులు రోజుల్లో బొమ్మ వెయ్యాల్సిన పనే లేదు. బ్రష్షులు కడుగు, కాన్వాస్‌కి తెల్లపూత వెయ్యి, పది నిమిషాలు కూర్చుని లేచిపో. అప్పుడు నీ పాత పని చూసుకుంటే అంతా చెత్తలాగే కనిపిస్తుంది, కాబట్టి చూడకు. చచ్చిపోవాలనిపిస్తే అది బొమ్మల గొడవ కాదు, అప్పటికప్పుడు పక్కన ఎవరుంటే వాళ్లకి చెప్పు, ఎవరూ లేకపోతే ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి.

డాక్టర్ దగ్గరికి మళ్లీ ఎప్పుడు వెళ్తున్నావో రాయి. వెళ్లేటప్పుడు ఈ రెండు నెలల స్కెచ్‌బుక్ కూడా పట్టుకెళ్లు, ఖాళీ పేజీలతో సహా.

మీ బాబాయ్