ఫ్రీలాన్స్ బొమ్మల పని వదిలి ఆఫీసు ఉద్యోగంలో చేరితే చెయ్యి మొద్దుబారిపోతుందా?

మీరు అడిగినదాంట్లో రెండు భయాలు కలిసి ఉన్నాయి. చాలాకాలం ఫ్రీలాన్స్ ఇలస్ట్రేటర్‌గా చేశాక మీకు ఒక కంపెనీ డిజైన్ టీమ్ నుంచి ఆఫర్ వచ్చింది. చేరితే బొమ్మలు వేసే చెయ్యి మొద్దుబారిపోతుందేమో అన్నది ఒకటి. సొంతంగా నెట్టుకురాలేక ఉద్యోగంలో చేరిపోయారని తోటివాళ్లు అనుకుంటారేమో అన్నది రెండోది. నేనూ పిల్లల పుస్తకాలకు, పత్రికలకు బొమ్మలు వేసుకుంటూ ఏళ్లపాటు బతికి, ఆ తర్వాత ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరినవాణ్ణే. ఇప్పటికీ అక్కడే ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

రెండోదాని గురించి ఎక్కువ ఆలోచించకండి. నేను చేరానని తెలిశాక తోటి ఆర్టిస్టులు అడిగినవి సెలవులెన్ని, బయటి పని చేసుకోనిస్తారా, ఇంటర్వ్యూలో ఏం చూపించావు, ఇవే. ఎవరి లెక్కలు వాళ్లకుంటాయి.

మొదటి భయం మాత్రం తేల్చుకోవాల్సిందే. పోయిన వారం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అందులో నిజంగా బొమ్మ వేస్తూ గడిపిన గంటలెన్ని? కొటేషన్లు రాయడం, "ఒక శాంపిల్ వేసి చూపించండి, నచ్చితే మాట్లాడుకుందాం" అన్నవాళ్లకు ఉచితంగా వేసివ్వడం, రావాల్సిన డబ్బు కోసం వెంటపడటం, అదే ఫైలు ఇంకో సైజులో మళ్లీ పంపడం, వచ్చే నెల పని కోసం పాత క్లయింట్లను పలకరించడం, ఇవన్నీ తీసేసి లెక్కేయండి. నా విషయంలో బొమ్మలకు మిగిలింది సగం కంటే తక్కువే.

ఆ మిగిలిన సమయంలో కూడా మనసు కాగితం మీద ఉండేది కాదు. ఒక ప్రచురణ సంస్థకు "30 రోజుల్లో చెల్లించాలి" అని రాసి ఇన్వాయిస్ పంపాను. గడువు దాటాక ఫోన్ చేస్తే అకౌంట్స్‌లో ఆయన మారిపోయారన్నారు. కొత్తాయన వెండర్ ఫారం మళ్లీ నింపమన్నారు. నింపి పంపితే ఇన్వాయిస్ మీద పర్చేజ్ ఆర్డర్ నంబర్, అంటే పని అప్పగించినట్టు సంస్థ ఇచ్చే నంబర్, లేదన్నారు. ఆ నంబర్ ఇవ్వాల్సిన ఎడిటర్ సెలవులో ఉన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అదే సంస్థకు ఏనుగు పిల్ల వాన నీళ్లలో గంతులేసే బొమ్మ వేస్తున్నాను. తొండం ఒంపు తిప్పుతున్నంతసేపూ చూపంతా ఫోన్ మీదే. ఎన్నిసార్లు చెరిపి వేసినా ఆ పిల్ల మొహంలోకి సంతోషం రాలేదు. చెయ్యి మొద్దుబారడం అంటే ఏమిటో నేను చూసింది అక్కడ, ఉద్యోగంలో చేరకముందే.

చేతిలో డబ్బు అయిపోవస్తున్నప్పుడు ఏ పనికీ కాదనలేం. ఎవరో వేసిన బొమ్మ పంపి "అచ్చం ఇలాగే కావాలి" అన్నా సరే అంటాం. అలాంటివి వరసగా చేస్తే మన గీతే మనకు గుర్తుండదు. జీతం వచ్చాక నాకు దొరికిన అసలు లాభం ఇదే. ఇప్పుడు పుస్తకాల పని తక్కువ తీసుకుంటాను, నచ్చినదే తీసుకుంటాను, నచ్చకపోతే ఆ మాటే మర్యాదగా చెప్తాను.

అలాగని ఆఫీసులో అంతా హాయిగా ఉంటుందని చెప్పను. మొదటి రివ్యూ నాకు బాగా గుర్తు. యాప్ తెరవగానే కనిపించే స్వాగతం బొమ్మ. ఒకమ్మాయి ఫోన్ పట్టుకుని నిలబడి ఉంటుంది, పక్కన చిన్న తాళం గుర్తు. లీగల్ టీమ్ నుంచి వచ్చినాయన తాళం తీసేయమన్నారు, భద్రతకు మనం పూచీ ఇస్తున్నట్టు ఉంటుందట. ఇంజినీర్ ఫైలు సైజు తగ్గించమన్నాడు, నెమ్మది ఇంటర్నెట్ ఉన్నవాళ్లకు తెర ఖాళీగా కనిపిస్తుందని. ఇంకొకావిడ పక్కన మరికాస్త ఖాళీ వదలమన్నారు, వేరే భాషల్లోకి మార్చినప్పుడు వాక్యం పొడుగవుతుందని. ఆ రోజు నాకు చాలా బాధేసింది. కానీ నాలుగు రోజులు పోయాక ఒకటి అర్థమైంది. క్లయింట్లు "ఏదో తక్కువైంది, ఏంటో చెప్పలేకపోతున్నా" అనేవాళ్లు, దాన్ని పట్టుకుని రాత్రుళ్లు రివిజన్లు చేసేవాణ్ణి. ఇక్కడ ప్రతి మార్పు వెనకా ఒక కారణం ఉంది, అడిగితే చెప్తారు. నా గీత బాగోలేదని ఎవరూ అనలేదు.

పని నెమ్మదిగా సాగుతుంది, అది నిజం. ఒక్క బొమ్మ వారాల తరబడి ఇటూ అటూ తిరుగుతుంది. 24 పిక్సెళ్ల చదరంలో ఇమిడే ఐకాన్లు గీస్తూ గడిచిపోయే రోజులూ ఉంటాయి. సాయంత్రానికి మీకంటూ ఏదో ఒకటి వేసుకోవాలన్న దాహం మిగలాలి. అది మిగలకపోతే ఆ ఉద్యోగం మీకు సరిపడదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన చోటు. చాలా దేశాల చట్టాల ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ కంపెనీదే. ఫ్రీలాన్స్‌లో వాడుకునే హక్కు మాత్రం ఇచ్చి కాపీరైట్ మన దగ్గరే అట్టిపెట్టుకునే వీలుంటుంది, ఇక్కడ అది ఉండదు. అంతవరకు న్యాయమే. కానీ కొన్ని ఒప్పందాల్లో "ఉద్యోగ కాలంలో తయారుచేసిన సమస్తమూ" అని రాసి ఉంటుంది. అంటే ఆదివారం ఇంట్లో కూర్చుని వేసుకున్న బొమ్మ మీద కూడా రేపు పేచీ రావచ్చు. నేను సంతకం పెట్టకముందు హెచ్‌ఆర్ మేడమ్ దగ్గర ఆ పేజీ తెరిచి, ఆఫీసు సమయం, ఆఫీసు పరికరాలు వాడకుండా, కంపెనీ వ్యాపారంతో సంబంధం లేకుండా వేసినవి నావేనని ఒక వాక్యం చేర్చమని అడిగాను. నా పాత పుస్తకాల జాబితా అనుబంధంగా పెట్టమన్నాను. ఆవిడ లీగల్‌ను అడిగి మర్నాటికల్లా మార్చి పంపారు. ఆఫర్ చేతిలో ఉండి సంతకం ఇంకా పడని ఆ కొద్ది రోజుల్లోనే ఇలాంటివి తేలిగ్గా కుదురుతాయి. ఇక్కడ చేసిన పనిని పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవచ్చా అన్నది కూడా అప్పుడే రాయించుకోండి. సొంత బొమ్మలకు కంపెనీ ల్యాప్‌టాప్ ముట్టుకోకండి.

డబ్బు పోల్చేటప్పుడు మీ బాగా నడిచిన నెలను తీసుకోవద్దు. ఏడాది మొత్తం చేతికొచ్చింది తీసుకుని, అందులోంచి సాఫ్ట్‌వేర్ చందాలు, మెషీన్ ఖర్చు, ఆరోగ్య బీమా, పన్ను తీసేసి, పని లేని నెలలతో కలిపి పన్నెండుతో భాగించండి. జబ్బు పడినా జీతం వచ్చే రోజుల్ని కూడా గుర్తుపెట్టుకోండి.

ఉద్యోగంలో చేరితే సొంత పనికి సమయం ఎప్పుడు దొరుకుతుందని కూడా అడిగారు. ఇంగ్లిష్ నవలాకారుడు ఆంథొనీ ట్రోలోప్ 1834 నుంచి 1867 వరకు తపాలా శాఖలో ఉద్యోగి. పొద్దున 5:30కి బల్ల ముందు కూర్చుని, వాచీ ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 పదాల చొప్పున రాసి ఆ తర్వాత పనికి వెళ్లేవాడు. రచయిత ఫ్రాంజ్ కాఫ్కా 1908 నుంచి 1922 దాకా ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో పనిచేశాడు. మధ్యాహ్నం రెండింటికే ఆఫీసు అయిపోయినా, రాత్రుళ్లు మేలుకుని రాస్తూ ఆ ఉద్యోగం తనను పిండేస్తోందని డైరీల్లో, ఉత్తరాల్లో వాపోయాడు. ఇద్దరూ రాశారు, ఇద్దరి ఒళ్లూ ఒకేలా సహకరించలేదు. నాకైతే రోజంతా తెర చూశాక రాత్రి రంగులు సరిగ్గా తెలియవు, అందుకే పొద్దున్నే వేస్తాను. మీరు ఏ పూట బాగా వేయగలరో ముందే చూసుకుని, ఆ పూటను తినేసే షిఫ్టు అయితే ఒప్పుకోకండి.

మీ వారంలో ఎక్కువ భాగం నిజంగా బొమ్మలకే పోతుంటే, క్లయింట్లు సమయానికి డబ్బిస్తుంటే, ఈ ఆఫర్ వదులుకోండి. అలాంటి క్లయింట్లను కూడగట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. అలా కాదంటే చేరండి.

చేరేట్టయితే జాయినింగ్ తేదీ కాస్త వెనక్కి జరపమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. ఆ వ్యవధిలో ఒప్పుకున్న పనులు పూర్తి చేసి, ఒరిజినల్ ఫైళ్లలో ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సినవి ఇచ్చేసి, బాకీలన్నిటికీ ఇన్వాయిస్‌లు పంపేయండి. మంచి ఎడిటర్లకు మీరే ఫోన్ చేసి, ఇకమీదట ఏడాదికి ఎంత పని తీసుకోగలరో, ఎంత ముందు చెప్పాలో స్పష్టంగా చెప్పండి. నాకు అలా చెప్పిన ఎడిటర్ల నుంచి ఇంకా పని వస్తూనే ఉంది.