డిజిటల్ బోర్డు మీద వీడియోలు చూపించినా పిల్లలకు పాఠం ఎందుకు నిలవడం లేదు?

విశాఖలో హైస్కూల్ సైన్స్ చెబుతున్నానని, వీడియో శ్రద్ధగా చూసిన పిల్లలు కూడా తర్వాత ప్రశ్న అడిగితే తెల్లముఖం వేస్తున్నారని రాశారు.

వీడియో ఆగకుండా సాగిపోతుంది, పిల్లలకు ఆలోచించే అవకాశం దొరకదు. అందుకే ముందు ప్రశ్న, ఆ తర్వాతే స్క్రీన్.

సాంద్రత పాఠమే తీసుకోండి. ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామిని మీ పిల్లల్లో చాలామంది చూసే ఉంటారు. "అంత ఉక్కు నీళ్ల మీద ఎలా తేలింది? కావాలనుకున్నప్పుడు ఎలా మునిగింది?" అని అడిగి, తోచిన జవాబు నోట్‌బుక్‌లో రాయించండి. తప్పయినా ఫర్వాలేదు. అప్పుడు కొలరాడో విశ్వవిద్యాలయం ఉచితంగా ఇస్తున్న ఫెట్ (PhET) సిమ్యులేషన్లలో, అంటే తెర మీదే మార్చి చూసే ప్రయోగాల్లో, సాంద్రతది తెరవండి. పరిమాణం మార్చకుండా బరువు పెంచితే దిమ్మ ఏమవుతుందో ముందు ఊహించమనండి, తర్వాత ఒకరిని పిలిచి చేయించండి. ట్యాంకుల్లోకి సముద్రపు నీరు చేరితే జలాంతర్గామి మునుగుతుందని, గాలితో ఆ నీటిని బయటికి తోస్తే పైకి లేస్తుందని వాళ్లే చెప్పేదాకా ఓపిక పట్టండి. ఇక్కడ తొందరపడితే అంతా వృథా.

ఎవరికి అర్థమైందో తెలియాలంటే ప్లికర్స్ (Plickers) అనే యాప్ బాగుంటుంది. పిల్లలు కాగితం కార్డులు పైకెత్తితే మీ ఫోన్ కెమెరా జవాబులు లెక్కిస్తుంది. జవాబులు చీలిపోతే వెంటనే సరైనది చెప్పకండి. పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోనిచ్చి మళ్లీ కార్డులు ఎత్తించండి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి ఇదే.

నెట్ టెన్షన్ ఉంటే సిమ్యులేషన్ ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోండి.