ఎండ తగిలితే డ్రాకులా చస్తాడా?

చావడు, బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన నవలలో పగటివేళ ఈ రక్తపిశాచి మాయశక్తులు చాలావరకు పనిచేయవు, అంతే. బరంపురం, పర్లాకిమిడి తెలుగువాళ్ళ సినిమా కబుర్లలో ఈ సందేహం తేలకపోవడానికి కారణం, ఒక్కో సినిమా అతన్ని ఒక్కో విధంగా చంపడమే. ఎండకు మాయమైపోయే ముగింపును 1922 నాటి మూకీ చిత్రం ‘నోస్ఫెరాటు’ తెచ్చింది. 1931 చిత్రంలో గుండెలో దిగేది కొయ్య మేకు, అదీ తెర చాటునే! 1958 చిత్రంలో డ్రాకులాగా నటించిన క్రిస్టఫర్ లీ మళ్ళీ ఎండకే బూడిదయ్యాడు. నవలలోనైతే డ్రాకులా పట్టపగలు లండన్ పికడిల్లీలో నిలబడి ఒక అమ్మాయిని తేరిపార చూస్తుంటాడు. నవలలో అతన్ని కొయ్య మేకుతో చంపారనుకోవడమూ పొరపాటే: సూర్యాస్తమయ వేళ ఒక కత్తి గొంతు కోస్తుంది, మరొకటి గుండెలో దిగుతుంది.