గిటార్‌లో 18 వోల్టుల స్విచ్ పెట్టే అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. మార్కులు బాగానే వస్తాయి. ఆర్నెల్లుగా పుస్తకం మూసిందంటే గిటార్ విప్పుకుని కూర్చుంటోంది. 9 వోల్టుల బ్యాటరీతో నడిచే సర్క్యూట్‌ను కావాలన్నప్పుడు 18 వోల్టులకు మార్చే స్విచ్ పెట్టింది. పనిచేసింది కానీ, వాయించకుండా పక్కన పెట్టిన మూడు వారాల్లో ఒక బ్యాటరీ పూర్తిగా అయిపోయింది, ఇంకోటి బాగానే ఉంది. విసుగొచ్చి తీగలు అతికించే సోల్డరింగ్ ఐరన్ దాచేశాను. ఏఐ, ఎలక్ట్రానిక్స్, సౌండ్ ఇంజినీరింగ్: మూడింటిలో ఏది మంచిది?
– ఒక తండ్రి

జవాబు: కోర్సు సంగతి తర్వాత, ముందు ఆ సోల్డరింగ్ ఐరన్ తీసి అమ్మాయికి ఇచ్చేయండి. మీరు అడిగింది మూడు కోర్సుల పోలికే అయినా, లోపల ఉన్న భయం వేరు. చదువుకోవాల్సిన పిల్ల తీగలతో ఆడుకుంటూ పాడైపోతోందని. పాడైపోవడం లేదండీ. తను చేసిన పొరపాటు ఎలాంటిదో చూస్తే మీకే తెలుస్తుంది.

రెండు 9 వోల్టుల బ్యాటరీలను సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపితే 18; ప్యారలల్‌లో, అంటే ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే 9. మార్చడానికి ఆరు కాళ్ల డీపీడీటీ స్విచ్ చాలు, అంటే మూడేసి కాళ్ల రెండు వరుసలు ఒకేసారి మారేది. మొదటి బ్యాటరీ ప్లస్ ఒక వరుస మధ్య కాలికి, రెండో బ్యాటరీ మైనస్ పక్క వరుస మధ్య కాలికి వెళ్తాయి. ఒక చివరనున్న రెండు కాళ్లనూ ఒకదానితో ఒకటి కలిపితే అది సిరీస్ వైపు. అవతలి చివర, మొదటి వరుస కాలు రెండో బ్యాటరీ ప్లస్‌కు, పక్క వరుస కాలు మొదటి బ్యాటరీ మైనస్‌కు వెళ్లాలి. గిటార్ లోపల సిగ్నల్ పెంచే సర్క్యూట్‌కు, అంటే ప్రీఆంప్‌కు, ప్లస్ ఎప్పుడూ రెండో బ్యాటరీ నుంచే.

ఇందులో చాలావరకు మీ అమ్మాయి సరిగానే చేసింది, లేకపోతే స్విచ్ పనిచేసేదే కాదు. తేడా ఒక్క నల్ల తీగ దగ్గర వచ్చి ఉంటుంది. ఇలాంటి గిటార్లలో బ్యాటరీ మైనస్ నేరుగా గ్రౌండ్‌కు, అంటే సర్క్యూట్ అంతటికీ ఉమ్మడి మైనస్‌కు పోదు, కేబుల్ గుచ్చే స్టీరియో జాక్‌లోని రింగ్ అనే కాలికి పోతుంది. కేబుల్ గుచ్చితేనే ఆ రింగు గ్రౌండ్‌తో కలుస్తుంది, సర్క్యూట్ ఆన్ అవుతుంది. మైనస్ తీగ కనిపిస్తే వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ గుండీ కింద ఉండే భాగం) వీపున, గ్రౌండ్ మీద అతికించేయడం కొత్తవాళ్లకు అలవాటు. స్విచ్ ప్యారలల్ వైపు నుంచి మొదటి బ్యాటరీ మైనస్‌కు పోవాల్సిన తీగ కూడా అక్కడికే వెళ్లిందంటే, 9 వోల్టుల వైపు ఉంచి కేబుల్ లాగేసినా రెండో బ్యాటరీ ఒక్కటీ ప్రీఆంప్‌ను నడుపుతూనే ఉంటుంది. ఆల్కలైన్ 9 వోల్టుల బ్యాటరీలో ఉండేది సుమారు 500 మిల్లీ ఆంపియర్ అవర్లు. సర్క్యూట్ 1 మిల్లీ ఆంపియర్ తీసుకున్నా 500 గంటలు, అంటే 21 రోజులు. మీరు రాసిన మూడు వారాలకు లెక్క సరిపోయింది. ఆ తీగను పాట్ మీంచి తీసి, మొదటి బ్యాటరీ మైనస్ ఉన్న రింగ్ కాలికి అతికిస్తే చాలు.

అమ్మాయికి ఇంకొన్ని మాటలు. తల్లీ, సర్క్యూట్ గరిష్ఠ వోల్టేజి ఎంతో ముందు చూసుకో. ప్రీఆంప్‌లలో వాడే టీఎల్072 ఐసీ (సిగ్నల్ పెంచే చిప్) మొత్తం 36 వోల్టుల దాకా తట్టుకుంటుంది కానీ, దాని పక్కన 16 వోల్టుల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉంటే 18 వోల్టుల దగ్గర అదే ముందు పోతుంది. కొత్త బ్యాటరీలు రెండూ కలిసి 19 వోల్టులు కూడా చూపిస్తాయి కాబట్టి 25 వోల్టులదో అంతకన్నా ఎక్కువదో వెయ్యి. స్విచ్ పాత కాంటాక్ట్ వదిలాకే కొత్తది అందుకునే రకం అవ్వాలి. ముందే అందుకునే రకమైతే మధ్యలో రెండు బ్యాటరీలూ షార్ట్ అవుతాయి. పాత బ్యాటరీని కొత్తదానితో కలపకు, ప్యారలల్‌లో కొత్తది పాతదానిలోకి పారుతుంది. స్విచ్ మార్చినప్పుడు వచ్చే 'ధబ్' మాత్రం తప్పు కాదు. సగం వోల్టేజి దగ్గర నిలబడే బయాస్, అంటే సిగ్నల్ ఊగే మధ్య మట్టం, 4.5 నుంచి 9కి కదులుతుంది, కెపాసిటర్లు కొత్త వోల్టేజికి నిండాలి. వాల్యూమ్ తగ్గించి మార్చు. ఇంకోటి, 18 వోల్టులతో శబ్దం పెరగదు. గట్టిగా మీటినప్పుడు అలల తలలు తెగకుండా చోటు దొరుకుతుంది, అంతే.

ఇక మీకు. ఇదంతా ఆట అంటారా? ఒక నల్ల తీగ ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న కోసం ఆర్నెల్లు కూర్చున్న పిల్ల చేతిలోంచి పనిముట్టు లాక్కుని, ఆ పిల్ల భవిష్యత్తు ఏమిటని నన్ను అడుగుతున్నారు. ప్రమాదమని భయపడితే, భయపడాల్సింది ఈ 18 వోల్టులకు కాదు. గోడ ప్లగ్గుతో నడిచే వాల్వ్ ఆంప్లిఫయర్‌ను ఒంటరిగా విప్పనివ్వకండి. ప్లగ్ తీసేశాక కూడా దాని కెపాసిటర్లలో వందల వోల్టులు మిగిలి ఉండొచ్చు. ఐరన్ వాడేటప్పుడు కిటికీ తెరవమనండి, పనయ్యాక చేతులు కడుక్కోమనండి.

ఏఐ పేరు పెట్టిన డిగ్రీ మీద నాకు అనుమానాలున్నాయి, దాచను. ఆ రంగానికి అసలు పునాది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, ప్రోగ్రామింగ్. ఇవి ఎలక్ట్రానిక్స్‌లో ఉంటూ కూడా నేర్చుకోవచ్చు. నాలుగేళ్లు ల్యాబ్‌లో కూర్చుని, సిగ్నల్‌ను అలగా తెరమీద చూపే ఆసిలోస్కోప్ ముందు సంపాదించే అనుభవాన్ని తర్వాత ఇంట్లో కూర్చుని సంపాదించడం చాలా కష్టం. పైగా ఇంత కొత్త రంగంలో, 17 ఏళ్లకే ఇరుకైన పేరున్న డిగ్రీలోకి తోయడానికి తొందరేమిటి? పక్కింటివాళ్లు చేర్పించారన్నది కారణం కాదు.

సౌండ్ ఇంజినీరింగ్ పేరు చూసి మోసపోకండి. అక్కడ నేర్పేది ఎక్కువగా రికార్డింగ్, మిక్సింగ్, మైకు ఎక్కడ పెట్టాలన్నది. మంచి విద్యే, కానీ మీ అమ్మాయి మనసు సర్క్యూట్ మీద ఉంది.

నా ఓటు ఎలక్ట్రానిక్స్‌కే. అది చదివినవాళ్లలో చాలామంది సాఫ్ట్‌వేర్‌లో తేలతారన్నది నిజమే. అయినా అనలాగ్ సర్క్యూట్లు చేత్తో చేసిన మనిషికి వినికిడి యంత్రాలు, ఈసీజీ పరికరాలు, సెన్సర్లు అన్నీ తెలిసిన చుట్టాలే. చిన్న సిగ్నల్‌ను తక్కువ కరెంటుతో, వంకర పోకుండా పెంచడమే అక్కడి పని కూడా. కాలేజీ చూడబోయినప్పుడు అనలాగ్ ల్యాబ్ వారానికి ఎన్ని గంటలో, ఒక బల్లకు ఎంతమందో అడగండి.

తీగ మార్చాక కేబుల్ లాగేసి, ఒక్కో బ్యాటరీ తీగలో మల్టీమీటర్‌ను మిల్లీ ఆంపియర్లలో పెట్టి చూడమనండి. 9 వోల్టుల వైపు చూసేటప్పుడు అవతలి బ్యాటరీ తీసేయమనండి, లేకపోతే ఒకదానిలోంచి ఇంకోదానిలోకి పారే కరెంటు కనిపించొచ్చు. అలా చూస్తే స్విచ్ ఏ వైపు ఉన్నా సున్నా రావాలి.