గణితం ఇష్టపడే అక్కకు కానుక

విశాఖపట్నం

చిరంజీవి కార్తీక్‌కు మామయ్య ఆశీస్సులు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మెస్సీ చదువుతున్న మీ అక్కకు పుట్టినరోజున ఏమి ఇవ్వాలని అడిగావు. పై (π) గుర్తు అచ్చువేసిన చొక్కాలూ కప్పులూ వద్దు. చేతిలోకి తీసుకోగానే ఇది ఇలా ఎందుకు జరుగుతోందని తనను ఆలోచనలో పడేసే వస్తువు కావాలి, దానిని మన దగ్గరే తయారు చేయించవచ్చు.

యలమంచిలి దాటాక వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క బొమ్మలు చేస్తారు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. సమబాహు త్రిభుజం భుజాలు చాపాలుగా బయటకు ఉబ్బినట్లుండే రూలో త్రిభుజాన్ని, దానిని రెండు సమాన సగాలు చేసే సౌష్ఠవాక్షం చుట్టూ తిప్పితే ఏర్పడే ఘనరూపం లేత్ పనికి చక్కగా ఒదుగుతుంది. దానికి పైన మొన, కింద చుట్టూ అంచు ఉంటాయి. అయినా ఏ దిశలో కొలిచినా వెడల్పు ఒక్కటే. అటువంటివి మూడు బల్ల మీద పెట్టి, పైన గట్టి అట్ట పుస్తకం ఉంచి జరిపితే, అవి ఎటు దొర్లినా పుస్తకం ఎగుడుదిగుడు లేకుండా సాగిపోతుంది.

5 సెంటీమీటర్ల భుజంతో సమబాహు త్రిభుజం గీసి, ఒక్కొక్క శీర్షం కేంద్రంగా అదే వ్యాసార్ధంతో మిగిలిన రెండు శీర్షాలనూ కలిపే చాపం గీయి. అదే రూలో త్రిభుజం. ఆ ఆకారంలో నిలువు సగాన్ని గట్టి అట్టలోంచి కత్తిరించి తీసెయ్యి. మిగిలిన లోవంపు అట్టే పనివారు కర్రకు ఆనించి చూసుకునే నమూనా అవుతుంది. పిల్లలకు గుచ్చుకోకూడదని అంచులు గుండ్రం చేయడం వారి పద్ధతి. ఇక్కడ అంచు అరిగితే వెడల్పు తగ్గి పుస్తకం ఊగుతుంది కనుక, ఆ సంగతి ముందే వివరంగా చెప్పు, లక్క కూడా పలుచగా, సమంగా పట్టించమను. అయిదు చేయించి, వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, బాగా సరిపోలిన మూడింటిని ఎంచుకో. వారికి తగినంత గడువు ఇవ్వాలి కనుక ఈ వారమే వెళ్ళడం మంచిది.

పెట్టెలో ఆకారం పేరు రాయవద్దు, అది తనే పట్టుకుంటుంది. సమతలంలో ఏ దిశలో కొలిచినా ఒకే నిర్ణీత వెడల్పు ఉండే ఆకారాలన్నిటిలో రూలో త్రిభుజానిదే అతి తక్కువ వైశాల్యమని 1914-15 నాటికే నిరూపించారు. అలాంటి ఘనరూపాలలో అతి తక్కువ ఘనపరిమాణం దేనిదన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఆ ప్రశ్న ఒక్కటి చీటీ మీద నీ చేతిరాతతో రాసి పెట్టు.

ఇట్లు,
మీ మామయ్య