కొలువుల కిరికిరి: ఫిర్యాదు మూసేసిన్రు, అప్పీల్ ఎక్కడ వెయ్యాలె?

ప్రశ్న: మేడం నమస్తే. మేం ఉండేది హనుమకొండ, నా డ్యూటీ నర్సంపేట దిక్కు ఒక సర్కారు ఆఫీసుల, సీనియర్ అసిస్టెంట్‌ను. చిన్నప్పుడే పోలియో వచ్చింది, ఎడమ కాలుకు క్యాలిపర్ వేసుకొని నడుస్త, సదరం సర్టిఫికెట్ ఉంది. నిరుడు మా సెక్షన్‌ను కింది నుంచి రెండో అంతస్తుకు మార్చిన్రు, లిఫ్టు లేదు. కింద ఇన్‌వర్డుల (వచ్చిన కాయితాలు తీసుకునే కాడ) సీటు ఖాళీగనే ఉంది సార్, అది ఇయ్యున్రి అని మా ఆఫీసర్‌కు రాసిస్తే "అందరు ఎక్కుతలేరా, చాతగాకపోతే వీఆర్ఎస్ పెట్టుకో" అన్నడు. మొన్న సూపరింటెండెంట్ రిటైర్ అయితే ఇన్‌చార్జి నా కంటే జూనియర్‌కు ఇచ్చిన్రు, అడిగితే నువ్వు ఫీల్డు తిరగలేవు గదా అన్నరు. ఇదంతా వివక్షనే అని హెడ్డాఫీసుకు ఫిర్యాదు పెట్టిన. నన్ను ఒక్క మాట అడగకుండనే నెల తర్వాత మెమో వచ్చింది, "విచారించగా ఆరోపణలు నిరాధారమని తేలినందున ఫైలు మూసివేయనైనది" అని. దీని మీద అప్పీల్ ఉంటదా, ఎవరికి వెయ్యాలె? తోటోళ్లు ఊకో, పెద్దసార్లతోని ఎందుకు పెట్టుకుంటవ్ అంటున్నరు.
– ఒక చెల్లె, వరంగల్ జిల్లా

జవాబు: ఉంటది చెల్లె. కాకపోతే నువ్వు మొదలు పెట్టాల్సింది అప్పీల్ రాసుడు తోని కాదు, ఆ మెమో మల్లొకసారి చదువుడు తోని. కింద సంతకం ఎవరిది, పైన రిఫరెన్సులల్ల ఏమేం లెటర్లు రాసిన్రు చూడు. నువ్వు ఎవరి మీద రాసినవో ఆయన దగ్గరికే నీ కాయితం "రిమార్కుల కొరకు" పోయి, ఆయన రాసిచ్చిన నాలుగు లైన్లే విచారణ అయి, అవే లైన్లు మెమోల దిగుడు మన ఆఫీసులల్ల మామూలే, దొంగ చేతికే తాళం ఇచ్చినట్టు. నీ కేసుల గట్లనే అయ్యిందా అన్నది ఫైలు చూస్తెనే తెలుస్తది, అందుకని పది రూపాయలు కట్టి ఆర్టీఐ పెట్టు. నోట్ ఫైలు నకలు, విచారణ రిపోర్టు, ఎవరెవరిని విచారించిన్రో వాళ్ల స్టేట్‌మెంట్లు, ఫిర్యాదుల రిజిస్టర్‌ల నీ ఫిర్యాదు ఎక్కిన పేజీ, ఈ నాలుగు అడుగు. 30 రోజులల్ల ఇయ్యాలె. అవి వచ్చేదాక అప్పీల్ ఆపుకోకు, తర్వాత జత చెయ్యొచ్చు.

ఇగ చట్టం సంగతి. 2016ల వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఉంది గదా, దాంట్ల సెక్షన్ 20 ప్రకారం సర్కారు ఆఫీసు ఉద్యోగానికి సంబంధించిన ఏ విషయంలనూ వైకల్యం ఉన్నోళ్ల మీద వివక్ష చూపొద్దు, వాళ్లకు తగిన సదుపాయం కల్పించాలె. సెక్షన్ 23 ప్రకారం ప్రతి సర్కారు ఆఫీసు ఒక గ్రీవెన్స్ రెడ్రెస్సల్ ఆఫీసర్‌ను, అంటే ఇసొంటి ఫిర్యాదులు చూసే ఆఫీసర్‌ను, పెట్టాలె, ఆయన ఫిర్యాదును రిజిస్టర్‌ల ఎక్కించుకొని రెండు వారాలల్ల విచారించాలె. దాని మీద నీకు తృప్తి లేకపోతే పోవాల్సింది వైకల్యాల జిల్లా స్థాయి కమిటీ దగ్గరికి, నువ్వు అడిగే అప్పీల్ అంటే ఇదే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నువ్వు ఫిర్యాదు "హెడ్డాఫీసుకు" పెట్టిన అన్నవ్ గని ఎవరి పేరు మీద పెట్టినవో రాయలేదు. ఆ గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు మీద కాకుండ ఊరికే పెద్దసార్ పేరు మీద పెడితే, కమిటీ వాళ్లు ముందు అక్కడికి పోయి రాపో అని తిప్పి పంపే చాన్స్ ఉంది. అట్లయితే బాధపడకు, పాత ఫిర్యాదును, మెమోను జత చేసి, సెక్షన్ 23 కింద అని పైన స్పష్టంగ రాసి ఆ ఆఫీసర్‌కే మల్లొకటి పెట్టు, రెండు వారాలు చూడు. మా ఆఫీసుల అసొంటి ఆఫీసరే లేడు అంటే అదే మాట రాతల తీసుకో, అది నీకు ఇంకా మంచిది. కమిటీ దగ్గరికి పోవుడుకు సెక్షన్ 23ల రోజుల లెక్క ఏం పెట్టలేదు, అయినా నానబెట్టొద్దు, మెమో అందినంక నెల లోపలనే వేసెయ్యి. మెమో వచ్చిన కవర్ పారేయకు, తారీఖు దాని మీదనే ఉంటది.

ఏ జిల్లా అనేది కూడ మస్తు మందికి గడబిడ అయితది. 2021ల పేర్లు మారి వరంగల్ అర్బన్ కాస్త హనుమకొండ జిల్లా అయింది, రూరల్ వరంగల్ జిల్లా అయింది. నువ్వు ఉండేది హనుమకొండే గని ఆఫీసు నర్సంపేట దిక్కు, అది వరంగల్ జిల్లా. ఇంటికి దగ్గర గదా అని హనుమకొండ కలెక్టరేట్‌ల ఇచ్చి వస్తే కాయితం ఆడికీ ఈడికీ తిరుగుతనే ఉంటది. ఆఫీసు ఉన్న జిల్లాలనే ఇయ్యి. సోమవారం ప్రజావాణికి పోతే పో, రసీదు తీసుకో, గని అది అప్పీల్ కాదు, ఆడ ఇచ్చినం అయిపోయింది అనుకోవద్దు.

అప్పీల్‌ల ఏం రాయాలె? అందరు చేసేది ఏందంటే ఫిర్యాదుల రాసిందే ఇంకా ఎక్కువ బాధతోని, ఇంకా పొడుగు చేసి రాస్తరు. నీ బాధ నిజమే చెల్లె, గని చదివేటాయన చూసేది మెమోల తప్పు ఎక్కడుంది అని. కాబట్టి వాళ్ల లైను పట్టుకొని దానికే జవాబు రాయి, గిట్ల: "ఆరోపణలు నిరాధారమని మెమోలో పేర్కొన్నారు. కింది అంతస్తులో సీటు కోరుతూ నేను ఫలానా తేదీన ఇచ్చిన దరఖాస్తు ఫలానా ఇన్‌వర్డ్ నంబరుతో నమోదై ఉన్నది. దానిపై నేటి వరకు ఎలాంటి ఉత్తర్వు ఇవ్వలేదు. విచారణలో నన్ను పిలవలేదు, నా వాంగ్మూలం తీసుకోలేదు." ఇంతే. ఈ నాలుగు వాక్యాలను కాదనాలంటే వాళ్లు కాయితం చూపియ్యాలె.

"వీఆర్ఎస్ పెట్టుకో" అన్న మాట మనసుకు ఎంత తాకిందో నాకు తెలుసు, గని దాన్ని మొదటి పేరాల పెట్టకు. నేననలేదు అంటడు, సాక్షం చెప్పెటోళ్లు అదే ఆఫీసుల జీతం తీసుకునెటోళ్లాయె. సీటు సంగతి అట్ల కాదు. చట్టంల వివక్ష అన్నదానికి ఇచ్చిన అర్థంలనే తగిన సదుపాయం ఇయ్యకపోవుడు కూడ ఉంది, 2021ల వికాష్ కుమార్ కేసుల సుప్రీంకోర్టు కూడ అదే గట్టిగ చెప్పింది. అంటే ఆయన నిన్ను తిట్టిండా, మనసుల ఏం పెట్టుకున్నడా అన్నది రుజువు చేసే పనే లేదు, ఆఫీసుకు మోయలేని భారం కాని సదుపాయం నువ్వు అడిగినవ్, వాళ్లు ఇయ్యలేదు. ఖాళీగ ఉన్న సీటు ఇచ్చుడు ఏం భారం చెప్పు, కుర్చీ గూడ కొత్తది కొనే పని లేకపాయె.

ఇన్‌చార్జి ముచ్చటను ప్రమోషన్ అని రాయకు. అది ప్రమోషన్ కాదు అని ఒక్క లైన్‌ల కొట్టేస్తరు. "ఉద్యోగానికి సంబంధించిన ఏ విషయంలోనైనా" అన్న మాట కిందికి తీసుకురా, సీనియారిటీ లిస్టు నకలు పెట్టు, ఫీల్డు తిరుగుడు ఆ సీటు డ్యూటీలల్ల ఉందా లేదా అన్నది వాళ్లనే చెప్పమను.

త్రూ ప్రాపర్ చానల్, అంటే నీ పైఆఫీసర్ల ద్వారా, ఒక కాపీ ఇయ్యి, అడ్వాన్స్ కాపీ నేరుగ కమిటీకి స్పీడ్ పోస్టుల పంపు. చానల్‌ల ఇచ్చిన కాపీ ఎవరో ఒకరి టేబుల్ మీద పండుకుంటది, అది మనకు కొత్త కాదు. కమిటీల గూడ పని కాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్ ఉన్నరు, హైదరాబాద్ మలక్‌పేటల. ఆ ఆఫీసుకు సమన్లు ఇచ్చి ఫైళ్లు తెప్పించే అధికారం ఉంటది, వాళ్లు సిఫారసు చేస్తే మీ శాఖ ఏం చేసిందో మూడు నెలలల్ల చెప్పాలె. అది కోర్టు తీర్పు లెక్క కాదు గని ఫైలు కదులుతది. ఆఖరికి హైకోర్టుల రిట్టు. వెనుకట ఇసొంటివి అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌ల వేసేటోళ్లం, మన తెలంగాణ ఉద్యోగులకు 2016 నుంచి అది లేదు. వకీలు ఖర్చుకు భయపడకు, ఆడవాళ్లకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండ న్యాయసేవా సంస్థ ఉచితంగ వకీలును ఇస్తది, నువ్వు రెండు లెక్కలల్లనూ వస్తవ్.

తోటోళ్ల మాట అంటవా, ఊకున్నా నువ్వు ఎక్కేది ఆ రెండు అంతస్తులే గదా.

ప్రశ్న: మా బిడ్డ అమెరికాల స్థిరపడ్డది, అక్కడి సిటిజనే, ఫెడరల్ సర్కారు ఆఫీసుల కొలువు. మన దేశపోళ్లని చిన్నచూపు చూస్తున్నరని ఫిర్యాదు పెడితే ఆఫీసే "వివక్ష లేదు" అని ఫైనల్ డెసిషన్ ఇచ్చిందట. ఇక్కడి లెక్కనే తీరుబడిగ వేసుకోవచ్చా?
– ఒక తండ్రి, జగిత్యాల

జవాబు: తీరుబడి మాటే వద్దు అన్నా. ఆ డెసిషన్ చేతికి అందిన రోజు నుంచి 30 రోజులల్ల ఈఈఓసీ అనే, కొలువులల్ల వివక్ష ఫిర్యాదులు చూసే అక్కడి కమిషన్‌కు అప్పీల్ పడాలె, బిడ్డకు వకీలు ఉంటే వకీలుకు అందిన రోజు నుంచి లెక్క. ముందు అప్పీల్ ఫారం పడేస్తే చాలు, వివరంగ వాదన రాసిచ్చుడుకు అప్పీల్ వేసిన రోజు నుంచి ఇంకో 30 రోజులు ఇస్తరు, ఒక కాపీ తన ఆఫీసుకు కూడ పంపాలె. అప్పీల్ వద్దనుకుంటే 90 రోజులల్ల నేరుగ ఫెడరల్ కోర్టుకు పోవచ్చు, గని కోర్టుల కేసు వేస్తే కమిషన్ దగ్గరి అప్పీల్ ఆగిపోతది, అందుకని రెండు పడవలు వద్దు. కొలువు నుంచే తీసేసిన కేసైతే దారి వేరే ఉంటది, అక్కడి వకీలును ఈ వారమే కలవమను. మంచి వకీలు దొరికేదాక ఆగుదాం అని మాత్రం అననియ్యకు, ఫారం ముందు వెయ్యమను.